గది కట్టకముందు ఒక రోజు నడిపి చూడండి: నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వ్యవసాయ పర్యాటకం ఎలా మొదలుపెట్టాలి

వ్యవసాయ పర్యాటకం గురించి సలహా అడగడానికి వచ్చేవారిలో ఎక్కువ మంది చేతిలో ఒక కట్టడం నమూనా ఉంటుంది. అందులో నాలుగు కుటీరాలు, ఒక ఈతకొలను, ముందర అలంకరించిన ఎడ్లబండి కనిపిస్తాయి. నేను వారిని మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: వచ్చే ఆదివారం పన్నెండు మంది మీ ఊరికి వస్తే ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా వారికి ఏం చూపిస్తారు, ఏం పెడతారు, వెంట ఎవరుంటారు? దీనికి జవాబు లేనంతకాలం కుటీరాల వల్ల వచ్చేది అప్పే. ఆ జవాబు దొరికిన ఊరికి మొదటి ఏడాది కుటీరాల అవసరమే రాదు.

మహిళా సంఘాలతో, రైతు ఉత్పత్తిదారుల సంఘాలతో, పంచాయతీలతో పనిచేస్తూ, ఊరివారి చేత ఇలాంటి చిన్న వ్యాపారం పెట్టించాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. సొంత తోటలో చేసుకోవాలనుకునే రైతుకు కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

మొదటి పని: ఊరి పనుల పట్టిక

చూడదగిన స్థలాల జాబితాతో మొదలుపెట్టకండి. గుడి, కోట, చెరువు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. వాటికోసం వచ్చేవాడు అరగంట చూసి ఫోటో దిగి వెళ్లిపోతాడు. అతిథిని ఒక పూట నిలబెట్టేది ఊళ్లో జరిగే పని. అందువల్ల ఒక పెద్ద కాగితం మీద పన్నెండు నెలలు రాసి, ప్రతి నెలలో ఎవరి చేతిలో ఏ పని నడుస్తుందో రైతులను, గీత కార్మికులను, గొర్రెల కాపరులను, నేతవారిని, వంట చేసే ఆడవారిని విడివిడిగా కూర్చోబెట్టుకొని అడిగి నింపండి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే పెద్ద రైతు మాట్లాడతాడు, మిగతావారు తల ఊపుతారు.

ఆ పట్టిక మన ప్రాంతంలో ఎంత నిండుగా వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది. నల్లగొండ వైపు బత్తాయి తోటలకు వానాకాలం చివర వచ్చే సీజన్ పంట, ఎండాకాలం ముందు వచ్చే కత్తెర పంట అని రెండు కాపులున్నాయి. దసరా ముందు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మలు పేర్చే రోజులకే సీతాఫలం కూడా పండుతుంది. దేశమంతటా సాగయ్యే బాలానగర్ రకానికి ఆ పేరు మన మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా బాలానగర్ నుంచే వచ్చింది. చలికాలంలో ఈత కల్లు, జొన్న కంకులు, వేరుశనగ పీకుడు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో కొల్లాపూర్ మామిడి, తాటి ముంజలు వస్తాయి. వానలు బాగా పడిన ఏడు చెరువు నిండి మత్తడి దూకుతుందంటే చూడటానికి ఊరే కదిలి వస్తుంది. అది కూడా పట్టికలో రాయవలసిందే, కాకపోతే తేదీ రాయలేం.

ప్రతి పని పక్కన మూడు విషయాలు రాసుకోండి. అతిథి దాన్ని చేతితో చేయగలడా, అది ఎంతసేపు పడుతుంది, చూపించినందువల్ల ఆ పనివాడికి ఎంత నష్టం. మూడోదాన్ని అందరూ మరచిపోతారు. పుట్టపాకలోనో పోచంపల్లిలోనో మగ్గం ముందు పదిమంది నిలబడి చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే కట్టు) ఎలా కడతారు, ఆసు (నూలును వరుసలుగా చుట్టే పని) ఎలా పోస్తారు అని గంటసేపు ప్రశ్నలు వేస్తే, ఆ గంటలో నేయవలసిన బట్ట ఆగిపోతుంది. వారు చీర కొంటారన్న ఆశతో నేతగాడు ఓపికగా చెబుతాడు. పదిమందిలో ఒకరు కొంటారు, కొన్నిసార్లు ఎవరూ కొనరు. కాబట్టి కొనుగోలుతో సంబంధం లేకుండా, చూపించిన గంటకు కూలి కట్టివ్వాలన్నది మీరు మొదటి రోజునుంచే పెట్టవలసిన నియమం.

ఎవరు వస్తారో తెలుసుకోవడం

మన అతిథి ప్రధానంగా హైదరాబాద్ కుటుంబం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ అక్కడినుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి గనుక పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఇంత దగ్గరవాడికి రాత్రి బస అమ్మడం కష్టం, మంచి పగలు అమ్మడం తేలిక. రెండో రకం, దారిన పోయేవారు: విజయవాడ రహదారి మీద, బెంగళూరు రహదారి మీద, శ్రీశైలం దారిలో, నాగార్జునసాగర్ బుద్ధవనానికో అలంపూర్ జోగులాంబ గుడికో వెళ్తూ రెండు గంటలు ఆగగలిగేవారు. మూడో రకం బడిపిల్లలు. వీరు వారం మధ్యలో వస్తారు, తక్కువ డబ్బు ఇస్తారు, కాని నెల ముందే చెబుతారు. కొత్త ఊరికి ఇంతకంటే మంచి సాధన లేదు. ఈ ముగ్గురిలో ఒకరిని ఎంచుకొని మొదలుపెట్టండి, ముగ్గురికీ ఒకే రోజు సరిపోదు.

భూదాన్ పోచంపల్లి ఉదాహరణ చాలామంది చెబుతారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పిలుపుకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డునున్న సోమశిలకు 2024లో కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు వచ్చింది. ఈ రెండు ఊళ్లనూ మీ బృందంతో వెళ్లి చూడండి. అయితే అతిథులుగా చూడకండి, లెక్కలు రాసేవారిగా చూడండి: బస్సు దిగినవారు మొదట ఎటు నడుస్తారు, ఎక్కడ డబ్బు ఖర్చు పెడతారు, మరుగుదొడ్డి ఎక్కడ అని ఎవరిని అడుగుతారు. నేను ఒక పూట అలా కూర్చొని రాసుకున్నప్పుడు మరుగుదొడ్డి ప్రశ్నే అన్నిటికంటే ఎక్కువసార్లు వినిపించింది.

ఊరితో ఒప్పందం

అతిథిని పిలవకముందు ఊరి అనుమతి తీసుకోవాలి. తోట యజమానికి ఇష్టమైతే చాలదు. అతిథులు నడిచే బాట, నీళ్లు తాగే కుళాయి, ఫోటో తీసే అరుగు ఊరివి. గ్రామసభలోనో, గ్రామ సమాఖ్య సమావేశంలోనో విషయం పెట్టి, ఏం చూపకూడదో ముందుగా అడగండి. ఒక ఊళ్లో పోచమ్మ గుడి దగ్గర ఫోటోలు వద్దన్నారు. మరొకచోట అంగన్‌వాడీ పిల్లలను చూపించవద్దన్నారు, అది అడగకుండానే మనం పాటించవలసిన మాట. ఇంకొక ఊళ్లో ఆడవారు చెరువుకట్ట మీద సాయంత్రం ఆరు తరువాత బయటివారు ఉండకూడదన్నారు. ఈ మాటలన్నీ ఒక పుటలో తెలుగులో రాసి, పంచాయతీ కార్యదర్శి, సమాఖ్య అధ్యక్షురాలు, తోటల రైతులు సంతకం చేసిన ప్రతిని ఊళ్లో గోడకు అంటించండి.

నల్లమలలో చెంచు పెంటల, అంటే చెంచుల గూడేల, సంగతి దీనికంటే సున్నితమైనది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఎవరినీ తీసుకుపోకూడదు; మన్ననూరు నుంచి ఆ శాఖ నడిపే సఫారీలతో కలిసి పనిచేయండి. మనుషులను ప్రదర్శనగా చూపే కార్యక్రమం ఏ రూపంలోనూ పెట్టకండి. చెంచు యువకుడు అడవి గురించి చెప్పే మార్గదర్శకుడిగా, జీతం తీసుకునేవాడిగా ఉంటే అది ఉపాధి. అతని ఇంటి ముందు బస్సు ఆపి ఫోటోలు తీస్తే దాన్ని ఏ పేరుతో పిలిచినా సిగ్గుచేటే.

ప్రయోగానికి ఒక రోజు

ఇప్పుడు ఒక రోజును నడపండి. డబ్బు తీసుకొనే నడపండి, ఎందుకంటే ఉచితంగా వచ్చినవారు లోపాలు చెప్పరు. మీకు తెలిసినవారి ద్వారా పన్నెండు మందికి మించకుండా పిలవండి, వచ్చేవారి పేర్లు, వయసులు మూడు రోజుల ముందు తీసుకోండి.

నల్లగొండ వైపు ఒక బత్తాయి తోటలో మేము చేసిన మొదటి ప్రయోగం ఎలా జరిగిందో చెబితే మీకు ఉపయోగం. పన్నెండు మంది అన్నారు, ఇరవై ఇద్దరు వచ్చారు. తిప్పి పంపడానికి మాకు నోరు రాలేదు. పిల్లలను తోటలోకి వదిలి కాయలు కోసుకోండి అన్నాం, ఎలా కోయాలో చెప్పలేదు. వారు కాయను పట్టుకొని లాగారు. అలా లాగితే తొడిమ దగ్గర తొక్క చినిగి కాయ నిలవ ఉండదు, కొమ్మ కూడా విరుగుతుంది. రైతు ఏమీ అనలేదు గాని, ఒక్కొక్క చెట్టు చుట్టూ తిరుగుతూ విరిగిన కొమ్మలను చేత్తో లెక్కపెట్టుకోవడం నేను చూశాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు అన్నం అనుకున్నది రెండున్నర అయింది, ఎందుకంటే జొన్న రొట్టె ఇరవై రెండు మందికి ఒకేసారి తయారయ్యేది కాదు. పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దమ్మ చుట్టూ అందరూ చేరి ప్రశ్నలు వేస్తుంటే ఆమె చివరికి, "బిడ్డా, రొట్టె పొంగేదాక జర ఆగుండ్రి, మాట్లాడుకుంట చేస్తె మాడిపోతది" అంది. మేము నవ్వాం. సాయంత్రం అతిథులకు ఆ రోజులో ఏది బాగుందని అడిగితే సగానికి పైగా ఆ పొయ్యి దగ్గరి గంట అన్నారు.

ఆ రోజునుంచి మూడు మార్పులు చేశాం. తోటలోకి వెళ్లకముందు రైతే స్వయంగా ఒక కాయను మెలిపెట్టి తీయడం, మరొకటి కత్తెరతో తొడిమ మిగిల్చి కోయడం చూపిస్తాడు, ప్రతి కుటుంబానికి ఒక బుట్ట, ఒక చెట్టు కేటాయిస్తాడు. కోసిన కాయకు కిలో లెక్కన విడిగా డబ్బు తీసుకుంటాడు. వంటను ప్రదర్శనగా ఒక పెద్దమ్మ, భోజనంగా ముగ్గురు ఆడవారు వేరే పొయ్యి మీద చేస్తారు. జొన్న రొట్టె, పచ్చిపులుసు, నాటుకోడి కూర, సర్వపిండి చాలు. పనీరు పెట్టవద్దు, పట్నంవాడు దానికోసం ఇంతదూరం రాడు.

ధర, పంపకం

మీ లెక్క మీరు వేసుకోవాలి గాని, లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణ చెబుతాను. పదిహేను మంది వచ్చారు, తలకు 800 రూపాయలు, మొత్తం 12,000. భోజనానికి సరుకులు, వంటవారి కూలి కలిపి 3,000. తోట వాడుకున్నందుకు రైతుకు 1,500. ఇద్దరు మార్గదర్శకులకు 1,200. మగ్గం చూపినవారికో, గొంగడి నేసేవారికో 800. ట్రాక్టరుకు 1,000. మరుగుదొడ్లు కడిగినవారికి 500. ఊరి నిధికి పదో వంతు, 1,200. ఇవన్నీ పోను 2,800 మిగులుతుంది. ఫోన్లు ఎత్తినవారి జీతం, ప్రచారం, విరిగిన కుర్చీ, రానివారి నష్టం అన్నీ అందులోనే. ఈ మిగులు చూసి కుటీరానికి ఎంత వాయిదా కట్టగలరో మీరే చెప్పండి. నెలకు నాలుగు ఆదివారాలే ఉన్నాయని, వానాకాలంలో ఒకటి, మేలో రెండు మూడు పోతాయని కూడా గుర్తుంచుకోండి.

పంపకం ఆ సాయంత్రమే, అందరి ముందు, పుస్తకంలో రాసి జరగాలి. నెలాఖరుకు ఇస్తామంటే మొదటి నెలలోనే అనుమానాలు పుడతాయి. ముందస్తుగా సగం డబ్బు తీసుకోండి. రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకుంటే తిరిగి ఇవ్వండి, తరువాతైతే ఇవ్వకండి, ఎందుకంటే అప్పటికే కోడిని కొనివుంటారు.

కల్లు గురించి ఒక మాట. అతిథులు తప్పకుండా అడుగుతారు. గీత కార్మికుడు మోకు, ముస్తాదు కట్టుకొని చెట్టెక్కడం చూపించడం మంచి కార్యక్రమమే, దానికి అతనికి డబ్బు ఇవ్వండి. కల్లు అమ్మకం మాత్రం లైసెన్సున్నవారిదే. మీ భోజనంలో కలిపి అమ్మితే ఎక్సైజు కేసు మీ సంఘం మీద పడుతుంది.

మరుగుదొడ్డి, నీళ్లు, ప్రమాదాలు

ఖర్చు పెట్టవలసిన మొదటి రూపాయి మరుగుదొడ్డి మీద పెట్టండి. ఆడవారికి, మగవారికి విడిగా, లోపల గడియ, బకెట్, మగ్గు, సబ్బు, చెత్తబుట్ట, వెలుతురు ఉండాలి. కొత్తవి కట్టనక్కరలేదు, రెండు ఇళ్లవారు తమవి బాగుచేసి ఇస్తే చాలు. ఆ ఇళ్లవారికి రోజు అద్దె ఇవ్వండి.

నల్లగొండ అనగానే అతిథి అడిగే ప్రశ్న ఫ్లోరైడు. దానికి తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. నీటిలో ఫ్లోరైడును పటిక, సున్నంతో తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టారు, అంతగా ఈ నేల ఆ కష్టం పడింది. బోరునీళ్లు తాగడానికి పెట్టకండి. మీ ఊళ్లో తాగునీరు ఎక్కడినుంచి వస్తుందో, చివరి పరీక్ష ఎప్పుడు జరిగిందో ఒక పలకపై రాసిపెట్టండి. సీసా నీళ్లే కావాలన్నవారికి అవే ఇవ్వండి, నొచ్చుకోకండి.

ప్రయోగానికి ముందు రోజు ఒక మనిషి బాట మొత్తం నడవాలి. మూత లేని బోరు గుంత, గోడ లేని వ్యవసాయ బావి, వేలాడే మోటారు తీగ, తేనెతుట్టె ఎక్కడున్నాయో చూడాలి. అడవిపందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టే అలవాటు చుట్టుపక్కల ఉందేమో తప్పక కనుక్కోండి. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం, ఆ పొలం పక్కనుంచి అతిథులను నడిపించవద్దు. నది, చెరువు, క్వారీ గుంత ఏదైనా సరే, ఈతకు వద్దని చెప్పండి. పడవ ఎక్కితే తేలే చొక్కా (లైఫ్ జాకెట్) లేనిదే కదలకూడదు. పాముకాటు మందు ఉండే అత్యంత దగ్గరి ఆసుపత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కొని, 108తో పాటు దాని నంబరును మార్గదర్శకుల జేబులో పెట్టండి.

చెట్లూ కట్టడాలూ కూడా ఈ తనిఖీలోకి వస్తాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్లనాటిదని చెప్పుకునే మర్రి. చెదలు తొలిచిన దాని పెద్ద కొమ్మ 2017 డిసెంబరులో విరిగి పడ్డాక, సందర్శకులను ఆపి, సెలైను ఎక్కించినట్టు సీసాలతో మందు ఎక్కించి బతికించుకోవలసి వచ్చింది. మీ ఊరి చింతచెట్టు కింద భోజనాలు పెట్టే ముందు ఒకసారి పైకి చూడండి.

కాగితాలు

ఈ భాగం విసుగు పుట్టిస్తుంది గాని పెద్దది కాదు. భోజనం అమ్మేవారు ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) దగ్గర నమోదు చేసుకోవాలి. చిన్న వ్యాపారులకు ఏడాది రుసుము వంద రూపాయలు. ఉద్యమ్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు, ఆధార్‌తో, ఉచితంగా, ఆన్‌లైన్‌లో అవుతుంది. దానికి డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మకండి. సేవల ద్వారా వచ్చే రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం పడదు.

ఆరు నెలలు పగటి కార్యక్రమం నడిచి, రాత్రి ఉంటామని అడిగేవారి పేర్లు మీ పుస్తకంలో ఇరవై దాటితే, అప్పుడు గది గురించి ఆలోచించండి. కొత్తది కట్టే బదులు ఉన్న ఇంట్లో ఒక గదిని బాగుచేయడం మేలు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు దాకా ఉండవచ్చు. పొలంలో కట్టాలంటే ముందు ఆ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్పించుకోవాలి. మార్పించకుండా కట్టిన కుటీరం మీద బ్యాంకు అప్పు రాదు, పక్కవాడు ఫిర్యాదు చేస్తే నిలవదు. బస చేసిన ప్రతివారి గుర్తింపు కార్డు నకలు, రిజిస్టరు ఉంచండి, విదేశీయులైతే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, ఈ ఏర్పాటు గురించి స్థానిక పోలీసు స్టేషన్‌కు ముందే చెప్పివుంచండి.

అప్పు కావలసివస్తే చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర పథకంలో శిశు విభాగం 50,000 వరకు, కిశోర్ విభాగం 5 లక్షల వరకు ఇస్తుంది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలను ప్రకటించారు. సకినాలు, పచ్చళ్లు, వేరుశనగ నూనె అమ్మే సంఘాలకు సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షల వరకు ఉంది. మహిళా సంఘానికి స్త్రీనిధి ద్వారా దొరికే చిన్న అప్పు మరుగుదొడ్ల బాగుచేతకు సరిపోతుంది, మొదట అక్కడితో ఆగండి.

అమ్ముకోవడం

ప్రచారానికి డబ్బు ఖర్చు పెట్టకండి. ఒక ఫోన్ నంబరు, దానికి ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా జవాబు చెప్పే ఒక మనిషి, గూగుల్ మ్యాప్‌లో సరైన గుర్తు, వాట్సాప్‌లో పంపడానికి ఒక పుట చాలు. ఆ పుటలో ధర, దారి, ఏం పెడతారో ఎంత ముఖ్యమో ఏం లేదో కూడా అంతే ముఖ్యం: ఏసీ లేదు, ఈతకొలను లేదు, మద్యం లేదు, దారి చివరి రెండు కిలోమీటర్లు మట్టిరోడ్డు. ఇది చదివి కూడా వచ్చినవాడు గొడవ పెట్టడు.

వెళ్లేటప్పుడు కొనుక్కోవడానికి ఒక బల్ల ఉండాలి. దాని మీద ఆ ఊరివి మాత్రమే పెట్టండి. గద్వాల చీర, నారాయణపేట చీర, పోచంపల్లి ఇక్కత్ వంటివి ఆయా ఊళ్లలో నేసినవైతేనే, భౌగోళిక గుర్తింపు (జీఐ) ముద్ర ఉన్నవే పెట్టండి. మిల్లులో అచ్చువేసిన నకిలీ ఇక్కత్ ఒక్కటి కనబడితే మీ మాట మీద నమ్మకం అక్కడితో పోతుంది. ధర అట్టముక్క మీద రాసి ఉంచండి, బేరం ఉండదని చెప్పండి.

మే రెండో వారం వచ్చేసరికి మామిడి తోటలున్న ఊళ్లు తప్ప మిగతావారు కార్యక్రమం ఆపేయడం మంచిది, ఆ ఎండలో పిల్లలను పొలాల్లో తిప్పకూడదు. ఆ నెలలో పుస్తకం తెరిచి, ఎవరికి ఎంత ముట్టిందో ఊరందరికీ చదివి వినిపించండి. డబ్బులో ఎక్కువ భాగం రెండు ఇళ్లకే చేరుతుంటే, తొలకరి తరువాత మొదలయ్యే కార్యక్రమంలో మార్గదర్శకులను, వంట ఇళ్లను మార్చండి. ఒకసారి వచ్చి వెళ్లినవారందరికీ ఫోన్ చేసి, నాట్లు ఎప్పుడు పడతాయో తేదీ చెప్పండి.